తీర్మానాల పుస్తకం ఎవరింట్లో ఉంది?

(పంచాయతీ, పొదుపు సంఘం, ఊరి పనుల మీద పాఠకులు అడిగిన ప్రశ్నలకు ఒక మాజీ సర్పంచ్ జవాబులు)

ఈసారి ఉత్తరాలు తక్కువ, వాట్సాప్ మెసేజ్‌లు ఎక్కువ. వాటిని మా మనవరాలు పెద్దక్షరాలతో ప్రింటు తీసి ఇచ్చింది. చూపు కాస్త మందగించింది కానీ చదివే ఆశ తగ్గలేదు. కొత్తగా చదివేవాళ్ల కోసం నా సంగతి రెండు ముక్కల్లో చెబుతాను. మాది నెల్లూరు జిల్లా మెట్ట ప్రాంతం, కలిగిరి వైపు. చదివింది ఏడో తరగతి. 1995లో వార్డు మెంబరుని, 2006 నుంచి ఐదేళ్లు సర్పంచ్‌ని. నేను వకీలునీ కాను, ఆఫీసరునీ కాను. నేను పడ్డవీ, పడి లేచినవీ చెబుతాను, అంతే.

ప్రశ్న: అక్కా, మాది నల్లగొండ జిల్లా. ఈ మధ్యే సర్పంచ్‌గా గెలిచాను. ఫ్లెక్సీల మీద నా ఫొటో కంటే మా ఆయన ఫొటో పెద్దది. ఊళ్లో ఆయన్నే అందరూ 'సర్పంచ్ సాబ్' అంటారు. తీర్మానాల పుస్తకం, బ్యాంకు చెక్కులు, డిజిటల్ కీ అన్నీ ఆయన బీరువాలోనే ఉంటాయి. మనిషి మంచివాడే. కానీ సంతకం ఎక్కడ పెట్టాలో వేలితో చూపించి వెళ్లిపోతాడు. ఇంట్లో గొడవ లేకుండా నా పని నేను ఎలా మొదలుపెట్టాలి? (పేరు వద్దన్నారు)

జవాబు: చెల్లీ, 'వేలితో చూపించి' అన్న మాట దగ్గర ఆగిపోయాను. 2006లో మా ఇంట్లోనూ అదే వేలు. మా ఆయన అన్న మాట నాకింకా చెవిలోనే ఉంది: "నువ్వు సంతకం పెట్టు, మిగతాది నేను చూసుకుంటాలే." ఆ మాటలో ప్రేమ లేదని అనను. కానీ 'మిగతాది' అంటే ఏమిటో అప్పుడు అడగలేదు.

ఏమైందో విను. రెండో నెల మీటింగులో హరిజనవాడ పైపులైను మీద ఒక తీర్మానం రాశారు. పేజీలో సగం రాత, కింద సగం ఖాళీ. ఖాళీ కింద నా సంతకం. మూడు నెలల తర్వాత బిల్లుల ఫైలు చూస్తుంటే ఆ ఖాళీలో ఇంకో తీర్మానం కనబడింది. చెరువు దారిలో కల్వర్టు మరమ్మతు, 38 వేలు. ఆ కల్వర్టు మీదుగా నేను రోజూ బర్రెల్ని తోలుకెళ్తాను. ఒక్క తట్ట కాంక్రీటు పడింది లేదు. ఎవరు రాశారో, ఎవరు తిన్నారో తేలకముందే ఆడిట్ అభ్యంతరం వచ్చింది. నోటీసు మీద పేరు నాది. మా ఆయన దాన్ని చేతిలో పట్టుకుని చాలాసేపు చూసి, "నీ పేరు ఇంత పెద్దక్షరాల్లో చూడటం ఇదే మొదటిసారి" అన్నాడు. నవ్వాలో ఏడవాలో తెలియలేదు. బీరువా తాళం ఆ సాయంత్రమే నా చేతికొచ్చింది.

నువ్వు నోటీసు దాకా ఆగొద్దు. ముందు ఆ పుస్తకాన్ని పంచాయతీ ఆఫీసుకు చేర్చు. అది ఉండాల్సింది కార్యదర్శి దగ్గర, ఆఫీసులో. మీ ఆయన బీరువాలోనే కాదు, నీ బీరువాలో కూడా ఉండకూడదు. ఇలా చెబితే ఇంట్లో గొడవ రాదు. ఆయన్ని తప్పుపట్టినట్టు కాదు, రూలు చెప్పినట్టు ఉంటుంది. తర్వాత ప్రతి తీర్మానం కింద అడ్డగీత గీయించు. మిగిలిన ఖాళీ మీద వాలుగా ఇంకో గీత కొట్టు. రాసింది కార్యదర్శి చేత పైకి చదివించు. ఆ తర్వాతే సంతకం. మొదటి నెల అందరూ విసుక్కుంటారు. "ఏందమ్మా ఈ గీతలు" అన్నారు నన్ను. మూడో నెలకు కార్యదర్శి తనంతట తనే స్కేలు తెచ్చుకున్నాడు.

ఇక డబ్బు. మీ తెలంగాణలో 2018 చట్టం చెక్కు మీద సర్పంచ్‌తో పాటు ఉప సర్పంచ్ సంతకం కూడా పెట్టింది. కాబట్టి మీ ఉప సర్పంచ్ ఎవరో, ఎలాంటి మనిషో తెలుసుకుని మాట కలుపుకో. ఆన్‌లైన్ చెల్లింపులకు వాడే డిజిటల్ కీ అంటే నీ సంతకమే, పెన్నుకు బదులు ప్లాస్టిక్ ముక్క. నీ చేతిని కోసి ఇంకొకరి బీరువాలో పెడతావా? ఓటీపీ ఎవరి ఫోనుకు వస్తోందో కూడా చూడు. మీ ఆయన నంబరు ఉంటే నీది ఇప్పించు. ఏ బిల్లు వచ్చినా తీర్మానం నకలు, ఇంజనీరు కొలతలు రాసిన ఎం.బుక్కు, అసలు బిల్లు పక్కపక్కన పెట్టుకుని చూడు. మూడింట్లో అంకె ఒకటే ఉండాలి. లెక్కలు రావని భయపడకు. కిరాణా కొట్టువాడు రెండు రూపాయలు ఎక్కువేస్తే పట్టుకునేది మనమేగా.

ఈ-గ్రామ్ స్వరాజ్ అని ఒక యాప్ ఉంది. మీ పంచాయతీకి ఎంత వచ్చింది, దేనికి ఖర్చయింది అందులో కనిపిస్తుంది. ఇంగ్లిష్ చదవగలిగే ఆడపిల్లను పక్కన కూర్చోబెట్టుకుని ఒక ఆదివారం చూడు.

2015 ఏప్రిల్ 24న, పంచాయతీరాజ్ దినోత్సవం నాడు, ఈ 'సర్పంచ్ పతి' పద్ధతి పోవాలని ప్రధానే అన్నారు. 2023లో కేంద్ర పంచాయతీరాజ్ శాఖ దీని మీద ఒక కమిటీ కూడా వేసింది. మంచిదే. కానీ కమిటీలు మీ ఇంటి బీరువా దాకా రావు కదా. ఫ్లెక్సీ సంగతి మాత్రం వదిలెయ్. ఎండకు నాలుగు నెలల్లో అదే వెలిసిపోతుంది.

ప్రశ్న: ఆడవాళ్లకు సగం సీట్లు ఇచ్చి ఏం సాధించాం మేడమ్? మా ఊళ్లో రెండుసార్లు మహిళా సర్పంచ్ వచ్చారు. రెండుసార్లూ పెత్తనం మగవాళ్లదే. ఇది ప్రజాస్వామ్యమా, నాటకమా? (ఒక సాఫ్ట్‌వేర్ ఉద్యోగి, హైదరాబాద్)

జవాబు: పైన ఉత్తరం చదివావు కాబట్టి నాటకం లేదని నేను అనలేను, నాయనా. ఒకటి అడుగుతాను. ఆ రెండుసార్లూ నువ్వు గ్రామసభకు వెళ్లి "అమ్మా, మీరే మాట్లాడండి" అన్నావా? మా ఊళ్లో అలా అన్నవాడు ఒక్కడే, పోస్టుమాస్టారు. ఆయన అన్నందుకే నేను మొదటిసారి నోరు తెరిచాను.

1957లో బల్వంతరాయ్ మెహతా కమిటీ పంచాయతీరాజ్‌కు నమూనా గీసినప్పుడు ఆడవాళ్లకు చూపించిన చోటు ఏమిటో తెలుసా? ఇద్దరిని కో-ఆప్ట్ చేసుకోవాలని. అంటే పిలిచి మూలన కూర్చోబెట్టడం. పంచాయతీల కోసం రాజ్యాంగానికి చేసిన 73వ సవరణ 1993 ఏప్రిల్ 24న అమల్లోకి వచ్చాక మూడో వంతు సీట్లయ్యాయి, తర్వాత మన రెండు రాష్ట్రాల్లోనూ సగమయ్యాయి. కుర్చీ ముందు వచ్చింది, అలవాటు వెనక వస్తోంది.

ఇక సాధించింది ఏమిటంటావా? బెంగాల్, రాజస్థాన్ పంచాయతీల మీద రాఘవేంద్ర చటోపాధ్యాయ్, ఎస్తేర్ డఫ్లో అనే ఇద్దరు ఆర్థికవేత్తలు లెక్క తీశారు. 2004లో అది అచ్చయింది. డఫ్లోకు 2019లో నోబెల్ కూడా వచ్చింది. ఆడవాళ్లు పెద్దలుగా ఉన్న పంచాయతీల్లో రెండు రాష్ట్రాల్లోనూ తాగునీటి పనులు ఎక్కువ జరిగాయి. రోడ్ల దగ్గర తేడా ఉంది. బెంగాల్‌లో ఆడవాళ్లు రోడ్లు కూడా అడిగారు, అక్కడ రోడ్లు పెరిగాయి. రాజస్థాన్‌లో వాళ్లకు రోడ్డు కంటే నీళ్లు ముఖ్యం, అక్కడ రోడ్ల పని తగ్గింది. అంటే ఆ ఊరి ఆడవాళ్లు ఏది అడిగారో అదే జరిగింది. నీళ్లు మోసే మనిషి కుర్చీలో కూర్చుంటే బోరు సంగతి మొదట వస్తుంది. ఇందులో నాకు వింతేమీ లేదు, ఎవరో కొలిచి చెప్పారనే సంతోషం.

మన దగ్గర మనిషి కావాలంటే కర్నూలు జిల్లా ఓర్వకల్లు మండలం కాల్వ గ్రామానికి అప్పట్లో సర్పంచ్‌గా చేసిన ఫాతిమా బీ ఉంది. పొదుపు సంఘాల ఆడవాళ్లను వెంటేసుకుని పనిచేసింది. 1998లో ఐక్యరాజ్య సమితి అభివృద్ధి కార్యక్రమం వాళ్లు పేదరికం మీద పోరాటానికి ఇచ్చే అవార్డు ఆమెకు ఇచ్చారు. నాకు మండల మీటింగులో టీ ఇవ్వడమే మరిచిపోయేవాళ్లు. ఆమె పేరు వినబడినప్పుడల్లా నా నడుము కొంచెం నిటారుగా అయ్యేది.

ప్రశ్న: ఐదో తరగతితో చదువు ఆపేశాను. సర్పంచ్‌గా పోటీ చేయొచ్చా? (ఒక సోదరి, కడప జిల్లా)

జవాబు: చేయొచ్చు తల్లీ. 21 ఏళ్లు నిండి, ఊరి ఓటరు జాబితాలో పేరుండాలి. మన రాష్ట్రాల్లో చదువు నిబంధన లేదు. హర్యానాలో పెట్టారు, 2015లో సుప్రీంకోర్టు కూడా సరేనంది. నాకు ఆ తీర్పు రుచించలేదు. బడి లేని ఊళ్లో పుట్టడం ఆ పిల్ల తప్పు కాదు కదా. రాజస్థాన్ కూడా అలాంటి నిబంధన పెట్టి 2019లో తీసేసింది. నువ్వు నామినేషన్ వెయ్.

ప్రశ్న: మాది శ్రీకాకుళం జిల్లా. గ్రామ సంఘం లీడర్‌గా చేస్తున్నాను. మా సంఘం మీటింగుకు పన్నెండు మందికి పన్నెండు మందీ వస్తారు, రాకపోతే ఫైన్ కాబట్టి! గ్రామసభకు మాత్రం రమ్మంటే ఒక్కరూ కదలరు. "అక్కడ మాకేం పని?" అంటారు. ఎలా తీసుకెళ్లాలి?

జవాబు: అమ్మా, వాళ్లు రారు అనకముందు సభ ఎన్నింటికి పెడుతున్నారో చూడు. మా ఊళ్లో పొద్దున పదకొండింటికి పెట్టేవాళ్లు. పదకొండింటికి కూలికి పోయిన ఆడమనిషి మిరప చేలో ఉంటుంది. సభలో పంచె కట్టుకుని ఖాళీగా కూర్చోగలిగిన పదిహేను మంది, వాళ్ల వెనక ఆఫీసర్ల డ్రైవర్లు. కోరం సరిపోయిందని రాసేసేవాళ్లు.

నేను సర్పంచ్ అయ్యాక సాయంత్రం పాలకేంద్రం పని అయిపోయాక, ఏడింటికి పెట్టించాను. ఆఫీసర్లు గొణిగారు, చీకటి పడితే మండలానికి వెళ్లడం కష్టమని. "మా ఆడవాళ్లు చీకట్లో చెంబు పట్టుకుని వెళ్లడం లేదా సార్" అన్నాను. అప్పటికి మా ఊళ్లో సగం ఇళ్లకు మరుగుదొడ్లు లేవు. ఆ తర్వాత ఎవరూ మాట్లాడలేదు.

మొదటి సభకు నలభై మంది ఆడవాళ్లు వచ్చారు. కానీ కుర్చీలన్నీ మగవాళ్లవి. వీళ్లు వెనక గోడకు ఆనుకుని నిలబడ్డారు, కొంగులు నోటికి అడ్డం పెట్టుకుని. ఒక్క మాట రాలేదు. నాకు కోపం వచ్చింది, వాళ్ల మీద. ఇంటికెళ్లాక మా అత్త అంది, "నిలబడి మాట్లాడమంటే ఎవరు మాట్లాడతారు, పోట్లాడేవాళ్లు తప్ప." నిజమే అనిపించింది. రెండో సభకు కుర్చీలు తీయించి, పెళ్లిళ్లకు కింద వేసే పట్టాలు పరిపించాను. అందరూ కిందే. ఎంపీడీవో గారు కూడా కిందే కూర్చున్నారు, పాపం ఆయనకు మోకాళ్ల నొప్పి. ఆ రోజు మాట్లాడినవాళ్లు పదకొండు మంది, నేను లెక్కపెట్టుకున్నాను. వీధి దీపం, రేషను తూకం, స్కూలు వంట, శ్మశానం దారి. ఒకామె మాత్రం తన కోడలి సంగతి ఎత్తుకుంది, ఆపలేకపోయాం.

ఇంకో కిటుకు. సభకు వారం ముందు ప్రతి సంఘంలో 'మనకేం కావాలి' అని ఒక్క కాగితం రాయించు. నాలుగు అంశాలు మించొద్దు. రెండు నకళ్లు తీసి కార్యదర్శికి ఇచ్చి, ఒకదాని మీద సంతకం, తేదీ వేయించుకో. సభ రోజున దాన్ని చదివి 'పుస్తకంలో రాయండి' అని అడగండి. 'చూద్దాంలే' అన్న మాటకు విలువ లేదు. పుస్తకంలో రాసినదానికే ఆడిట్, దానికే అడిగే హక్కు. పంచాయతీ అభివృద్ధి ప్రణాళికలోకి వెళ్లేదీ ఆ రాతే. 15వ ఆర్థిక సంఘం పంచాయతీలకిచ్చిన నిధుల్లో 60 శాతం తాగునీటికీ పారిశుద్ధ్యానికీ అని గిరిగీసి పంపారు. ఆ సంగతి తెలియక మా చుట్టుపక్కల ఊళ్ల ఆడవాళ్లు బోరు మోటారు కోసం ఎమ్మెల్యే ఇంటి చుట్టూ తిరిగారు. డబ్బు వాళ్ల పంచాయతీ ఖాతాలోనే ఉంది.

"అక్కడ మాకేం పని" అన్నవాళ్లకు మా జిల్లా పొదుపు కథ చెప్పు. 1993లో రోజుకు ఒక్క రూపాయి దాచడం మొదలుపెట్టినప్పుడు మా మగవాళ్లు కూడా అదే అన్నారు. "రూపాయితో మీకేం పని?"

ప్రశ్న: మా వార్డులో వానాకాలం వస్తే విరేచనాలు. ట్యాంకులో మందు కలుపుతున్నామంటారు, నమ్మకం లేదు. వార్డు మెంబరుగా నేనేం చేయగలను? (ప్రకాశం జిల్లా)

జవాబు: నమ్మకంతో పనిలేదమ్మా, రంగు చూస్తే చాలు. కుళాయి నీళ్లను చిన్న గాజు గొట్టంలో పట్టి ఆర్థోటాలిడిన్ చుక్కలు వేస్తే, క్లోరిన్ ఉంటే పసుపు రంగు వస్తుంది. రంగు రాలేదంటే మందు కలపలేదు, లేదా కలిపింది దారిలోనే అయిపోయింది. లీటరుకు కనీసం 0.2 మిల్లీగ్రాముల క్లోరిన్ చివరి ఇంటి కుళాయిలో మిగలాలి. ట్యాంకు కింద కుళాయిలో చూసి సరే అనేస్తారు, ఒప్పుకోవద్దు. లైను ఆఖరి ఇంటికి వెళ్లు. మురుగు కాలువలోంచి పోయే పైపు ఎక్కడైనా పగిలితే ఆ చివరి ఇంట్లోనే తెలుస్తుంది.

జల్ జీవన్ మిషన్ కింద ప్రతి ఊళ్లో ఐదుగురికి, వీలైతే ఆడవాళ్లకే, నీటి పరీక్ష కిట్టు వాడటంలో శిక్షణ ఇవ్వాలని పెట్టారు. మీ ఊళ్లో ఆ ఐదుగురు ఎవరు? కిట్టు ఎక్కడుంది? చాలా ఊళ్లలో అది ప్లాస్టిక్ కవరు కూడా విప్పకుండా అల్మారాలో ఉంటుంది. బయటికి తీయించు.

మందు లెక్క కూడా చెబుతాను. మామూలు నీటికి వెయ్యి లీటర్లకు సుమారు రెండున్నర గ్రాముల మంచి బ్లీచింగ్ పౌడరు. 40 వేల లీటర్ల ట్యాంకుకు వంద గ్రాములు. నీళ్లు మురికిగా ఉంటే ఎక్కువ పడుతుంది. బకెట్లో కలిపి, సున్నం అడుగుకు దిగాక పైతేట పోయాలి. కనీసం అరగంట, వీలైతే గంట ఆగాక నీళ్లు వదలాలి. అసలు తిరకాసు సంచి దగ్గర ఉంది. తాజా పౌడరులో 33 శాతం దాకా క్లోరిన్ ఉంటుంది, మూతి విప్పి వదిలేస్తే గాలికి పోతుంది. మా ఆఫీసు వెనక విప్పేసిన సంచి ఎనిమిది నెలలు ఉంది. దాన్నే శ్రద్ధగా రోజూ కలిపేవాడు మా వాటర్‌మ్యాన్. ముగ్గు కలిపినా అంతే ఫలితం. అతని తప్పేమీ లేదు, ఎవరూ చెప్పలేదు. ట్యాంకు కడిగిన తేదీ ట్యాంకు మీదే పెయింటుతో రాయించు. తేదీ పాతబడితే దారినపోయే పిల్లలే అడుగుతారు.

ప్రశ్న: నేను ఎస్సీ మహిళా సర్పంచ్‌ని. ఆఫీసులో నా కుర్చీ పక్కకు పెట్టి ప్లాస్టిక్ కుర్చీ వేస్తారు. ఆగస్టు 15న జెండా నా చేత ఎగరేయించలేదు, ఉప సర్పంచ్ ఎగరేశాడు. అందరూ చప్పట్లు కొట్టారు. ఎవరికి చెప్పుకోవాలి? (జిల్లా పేరు కూడా వద్దన్నారు)

జవాబు: తల్లీ, ముందు నా తప్పు ఒకటి చెప్పుకుని నీకు జవాబు రాస్తాను. 1995లో మా పాలకవర్గంలో ఒక ఎస్సీ వార్డు మెంబరు ఉండేది. మీటింగులో మేమంతా బెంచీల మీద, ఆమె గడప పక్కన నేల మీద. "కూర్చోమన్నా కూర్చోదు" అన్నారు మావాళ్లు. నేను నమ్మినట్టు నటించాను. ఐదేళ్లు ఆమెను అలాగే చూశాను. నా పక్కన రెండు జానల జాగా ఉంది, జరగలేదు. ఆమె ఇప్పుడు లేదు.

నీకు జరిగింది అవమానం మాత్రమే కాదు, నేరం. ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టానికి 2015లో సవరణ చేశారు, 2016 జనవరి 26 నుంచి అమల్లో ఉంది. అందులో పంచాయతీ సభ్యులుగానో అధ్యక్షులుగానో ఉన్న ఎస్సీ, ఎస్టీలను వాళ్ల విధులు చేయనివ్వకపోవడాన్ని విడిగా నేరమని రాశారు. సెక్షన్ 3(1)(ఎం). ఈ అంకె కాగితం మీద రాసుకుని దగ్గర పెట్టుకో. పోలీస్ స్టేషన్లో 'సర్దుకుపొమ్మంటారు'. అప్పుడు అంకె చెప్పు. ఆ రోజు ఫొటోలు, వీడియోలు ఎవరో ఒకరు తీసే ఉంటారు, ముందు అవి సంపాదించు. ఫిర్యాదు నకలు కలెక్టరుకూ జిల్లా పంచాయతీ అధికారికీ పంపి రశీదు దాచుకో. ఒంటరిగా వెళ్లొద్దు. మీ సంఘం వాళ్లు పదిమందితో వెళ్లు. చప్పట్లు కొట్టినవాళ్లలో కూడా చేతులు బరువెక్కిన ఆడవాళ్లు ఉండి ఉంటారు, నాలాంటివాళ్లు. ఒక్కసారి వాళ్ల గడప తొక్కి అడుగు. రాకపోతే వాళ్ల ఖర్మ.

కుర్చీ గురించి ఒక మాట. రేపు పొద్దున అందరికంటే ముందు వెళ్లి, నీ కుర్చీ నువ్వే లాక్కుని కూర్చో.

ప్రశ్న: బడికి వందడుగుల దూరంలో బెల్టు షాపు. మీరు సారా ఉద్యమంలో ఉన్నారట కదా. మాకూ ఆ దారి చెప్పండి. (ఒక సంఘం సభ్యురాలు, అనంతపురం జిల్లా)

జవాబు: ఉన్నాను. ఆ ఉద్యమం మొదలైన దూబగుంట మాకు దూరమేమీ కాదు. రాత్రి బడిలో నేను పాఠం చెప్పేదాన్ని, ఏడో తరగతి అప్పట్లో పెద్ద చదువే. వాచకంలో 'సీతమ్మ కథ' అని ఒక పాఠం ఉంది, సారా మానిపించిన ఆడవాళ్ల కథ. లాంతరు వెలుగులో అది చదువుతుంటే అక్షరాలు కూడబలుక్కునే ఆడవాళ్లు మధ్యలో ఆపి వాళ్ల కథలు చెప్పేవాళ్లు. ఆ పాఠం మూడు రాత్రులు పట్టింది. నాలుగో రాత్రి పలకలు ఇంట్లో పెట్టి చీపుర్లు తెచ్చారు. దూబగుంటలో వర్ధినేని రోశమ్మ ముందు నిలబడింది. మా ఊళ్లో సారా ప్యాకెట్ల జీపును పొలిమేరలోనే ఆపేశాం. డ్రైవరు కుర్రాడు కారం డబ్బా చూసి దిగకుండానే వెనక్కి తిప్పుకున్నాడు. 1992లో నెల్లూరులో సారా వేలం పాటలు పెట్టడం, మేము వెళ్లి అడ్డుపడటం, వాళ్లు వాయిదా వేయడం, మళ్లీ పెట్టడం. బస్సు చార్జీలకు కోళ్లు అమ్ముకున్నవాళ్లున్నారు.

1993 ఏప్రిల్‌లో జిల్లాలో సారా ఆగింది, అక్టోబర్ 1 నుంచి రాష్ట్రమంతా. 1995 జనవరిలో సంపూర్ణ మద్య నిషేధం. 1997లో ఎత్తేశారు. ఎత్తేసిన రోజు నేను వంట చేయలేదు. రోశమ్మ 2016లో పోయింది.

అందుకే నీకు చీపురు దారి ఒక్కటే చెప్పను. ఇప్పుడు కారం చల్లితే కేసు మన మీదే. బెల్టు షాపుకు లైసెన్సు ఉండదు, అదే దాని బలహీనత. గ్రామసభలో తీర్మానం పెట్టించి, ఆ నకలుతో ఎక్సైజ్ స్టేషనుకూ తహసీల్దారుకూ దరఖాస్తు ఇవ్వండి. ముప్పై మంది సంతకాలు, వేలిముద్రలు. సీసాల ఫొటోలు, తేదీలతో. పది రోజులు చూసి, ఏం చర్య తీసుకున్నారని సమాచార హక్కు కింద అడగండి. మండల స్థాయి ఆఫీసులో ఫీజు ఐదు రూపాయలు, గ్రామ స్థాయిలో అసలు ఫీజే లేదు. 30 రోజుల్లో జవాబివ్వాలి. ఒకసారి మూయిస్తారు, నెలకు మళ్లీ తెరుస్తారు. మళ్లీ రాయండి. విసుగే వాళ్ల పెట్టుబడి. నమ్ముకున్నది మనకు విసుగొస్తుందనే.

రాత్రి బడి లాంటిది ఒకటి మీకూ ఉండాలి. మాకు ముందు దొరికింది సారా మీద పోరాటం కాదు, కలిసి కూర్చునే చోటు. మీ సంఘం మీటింగులో అప్పు, కంతు, ఫైను అయ్యాక ఒక అరగంట ఉంచుకోండి.

ప్రశ్న: మీరిప్పుడు గ్రామసభకు వెళ్తారా? (మీ అభిమాని, నెల్లూరు)

జవాబు: మానలేదు. ఇప్పటి సర్పంచ్ మా వీధి అమ్మాయే, డిగ్రీ చదివింది. పోయినసారి కుళాయి చార్జీల సంగతి వస్తే నాకు తెలిసినంత ఎవరికి తెలుసని లేచాను. "కూర్చోండి అత్తా, మీ వంతు ఇంకా రాలేదు. ముందు వాళ్లను మాట్లాడనివ్వండి" అంది. పట్టాల మీద మళ్లీ కూర్చున్నాను. పుస్తకంలో గీత మాత్రం కొట్టిందో లేదో పోయేటప్పుడు తొంగి చూశాను. కొట్టింది, స్కేలుతో.